మా అమ్మ ఆనపకాయకు నీళ్ళు పోసింది

ఆ రోజు పొద్దున్న ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. అప్పుడు నాకు ఏడో నెల. అప్పుడప్పుడూ అలా బిగుసుకోవడం మామూలేనని డాక్టర్ చెప్పి ఉన్నారు కాబట్టి స్టవ్ ఆపి, కుర్చీలో కూర్చుని, అది వదులుతుందని చూశాను. వదల్లేదు. లేచేసరికి కుర్చీ మీద రక్తం. మా ఆయన ప్రసాద్ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. వరల్డ్ కప్ కోసం కడుతున్న ఒక స్టేడియంలో ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు. దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా బిల్డింగ్ ముందు రోడ్డు వారానికో దిక్కు తిరిగేది. అయినా అంబులెన్స్ ఎలాగో దారి కనుక్కుని వచ్చింది.

ఆస్పత్రిలో నాకు గుర్తున్న ఆఖరి మాట "అబ్రప్షన్". అంటే మాయ ముందే విడిపోవడం. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి పక్కన ప్రసాద్ కూర్చుని ఉన్నారు, ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. ఆపరేషన్ చేసిన మలయాళీ డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"బేబీని కాపాడలేకపోయాం. బ్లీడింగ్ ఆగలేదు. నీ ప్రాణం కోసం యూటరస్ తీసేయాల్సి వచ్చింది. ఓవరీస్ మాత్రం బాగున్నాయి."

ఆ చివరి ముక్క వింటే నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కాలిపోయినవాళ్ళకు తాళంచెవి భద్రంగా ఉందని చెప్పినట్టు అనిపించింది.

కుట్లు మానసాగాయి. కానీ ఇంటికొచ్చాక నాకు పాలు పడ్డాయి. అలా జరుగుతుందని ఎవరూ ముందు చెప్పలేదు. తాగే బిడ్డ లేదు, పాలు మాత్రం ఆగలేదు. మాత్రలు వేసుకుని, గట్టిగా గుడ్డ కట్టుకుని, బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ఈ రాత చదివేవాళ్ళలో అలాంటి రోజులు గడుపుతున్నవాళ్ళు ఉంటే, మీరు పిచ్చివాళ్ళు కాదు, మీ శరీరం తన పని తాను చేస్తోందంతే.

"మనిద్దరం చాలు శైలూ," అనేవారు ప్రసాద్.

"మీకు చాలేమో!" అని విసుక్కునేదాన్ని.

తర్వాతి చెకప్‌లో ఆ డాక్టరమ్మే విడమరిచి చెప్పింది. ఓవరీస్ ఉన్నాయి కాబట్టి ఎగ్స్ వస్తాయి, ఐవీఎఫ్‌లో ఎంబ్రియో, అంటే పిండం, తయారుచేయొచ్చు, కానీ మోయడానికి వేరే స్త్రీ కావాలి. "ఇక్కడి చట్టం దీనికి ఒప్పుకోదు. నేనేమీ సాయం చేయలేను. తెలియాల్సిన విషయం కాబట్టి చెప్పాను," అంది. తాళంచెవి సంగతి అప్పుడు అర్థమైంది.

సెలవులకు హైదరాబాద్ వెళ్ళినప్పుడు అక్కడి డాక్టర్‌ను కలిశాం. "చట్టం మారబోతోందమ్మా. మీరేమో బయట ఉంటున్నారు. మధ్యలో ఆగిపోతే మీ గతి ఏమిటి? నేను భరోసా ఇవ్వలేను," అన్నాడాయన. అలా ప్రసాద్ నెలల తరబడి చదివి, లాయర్లతో మాట్లాడి, జార్జియా పేరు చెప్పారు. అమెరికాలోది కాదు, నల్లసముద్రం పక్కనున్న దేశం. అక్కడ అద్దెగర్భానికి చట్టం ఉంది, బర్త్ సర్టిఫికెట్ మీద కన్నవాళ్ళుగా మా పేర్లే వేస్తారు. దోహా నుంచి విమానంలో మూడు నాలుగు గంటలు.

ఇంజెక్షన్లు, స్కాన్లు, ఎగ్స్ తీయడం అన్నీ జార్జియా రాజధాని తిబిలిసిలోని క్లినిక్‌లోనే జరిగాయి. మా బిడ్డను మోయబోయే ఎకాను అక్కడే మొదటిసారి చూశాను. బేకరీలో పనిచేసే పొడుగాటి మనిషి, భర్త నుంచి విడిపోయింది, ఎనిమిదేళ్ళ కూతురుంది. మా మధ్య ఇంగ్లిష్ తెలిసిన కోఆర్డినేటర్ కూర్చుంది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"నాకు సొంత ఇల్లు కావాలి. కూతుర్ని వెంటేసుకుని అద్దె ఇళ్ళు మారి విసిగిపోయాను," అంది, నా కళ్ళలోకి చూస్తూ.

నా మీద జాలితో చేస్తున్నానని అని ఉంటే భయపడేదాన్ని. ఈ మాటతో ధైర్యం వచ్చింది. ఆమెకు ఇల్లు కావాలి, నాకు బిడ్డ కావాలి. ఇందులో డబ్బు ఉంది, లేదని బుకాయించను. ఒకరి అవసరం మీద నా కోరిక నిలబడిందన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుచ్చుకుంటుంది. అయినా ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరం ఒకరినొకరం మోసం చేసుకోలేదు.

ఎంబ్రియోను ఎకా గర్భంలో పెట్టిన మొదటి ట్రాన్స్‌ఫర్ నిలవలేదు. "బీటా నెగెటివ్, సారీ," అని మెసేజ్ వచ్చినప్పుడు నేను దోహాలో కూరగాయలు కొంటున్నాను. సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. కొన్ని నెలలకు రెండోసారి చేశారు, నిలిచింది. ఎకా తన చేత్తో పొట్ట నిమురుకుంటున్న ఫోటో పంపింది. సంతోషం, అసూయ ఒక్కసారే వచ్చాయి. రెండూ నావే, దాచుకోవడం దేనికి?

ప్రసవానికి ముందు నెల తిబిలిసి వెళ్ళాలని అనుకున్నాం. మా అమ్మ కాకినాడ నుంచి విజిట్ వీసా మీద దోహా వచ్చింది. పాత చీరలు చించి పొత్తిగుడ్డలు, సున్నిపిండి, సాంబ్రాణి, వాము, ఒక పెట్టె నిండా తెచ్చింది. ఇంతలో కరోనా. విమానాలు ఆగిపోయాయి. జార్జియా తలుపులు మూసింది, ఖతార్ తలుపులు మూసింది. అమ్మ, ఆమె పెట్టె, మేము ఫరీజ్ బిన్ మహమూద్ ఫ్లాట్‌లో ఇరుక్కుపోయాం.

మా పాప ఒక పొద్దున్న పుట్టింది. ఫోన్‌లో చూశాం. ఎర్రగా, గుప్పిళ్ళు బిగించుకుని, లోకం మీద అలిగినట్టుంది. అమ్మ ఫోన్‌కు దిష్టి తీసింది.

సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. "తల్లిదండ్రులు రాలేకపోయిన పిల్లలతో మా ఆయాలున్న ఇల్లు నిండిపోయింది. ఒక్కో మనిషి ముగ్గురేసి పిల్లల్ని చూస్తోంది. ఎకా తన ఇంటికి తీసుకెళ్తానంటోంది. కాంట్రాక్ట్ ప్రకారం ఆమె బేబీని ఎత్తుకోనే కూడదు. మీరు ఒప్పుకుంటేనే."

మోసింది, కన్నది, ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుంటే ఇక వదులుతుందా? వదిలినా, పాప ఆమెను వదులుతుందా? ఎప్పుడు వెళ్ళగలమో ఎవరికీ తెలియదు. కాగితం మీద తల్లిని నేనే. కానీ పాపకు కాగితాలు చదవడం రాదు కదా!

"ముగ్గురిలో ఒకత్తెగా పడుండడం కంటే ఒక ఒళ్ళో ఉండడం నయం కాదూ?" అంది అమ్మ. "ఒళ్ళు దొరికిందని సంతోషించక, ఎవరి ఒళ్ళని ఏడుస్తావేంటే?"

"అది నన్నెరగదమ్మా!"

"ఎరుగుతుందిలే. నువ్వు పుట్టకముందు నిన్ను నేను మాత్రం ఎరుగుదునా? వచ్చాక అలవాటయ్యావు."

ఎకా ఇంకో మాట కూడా అడిగించింది. తన పాలు పట్టొచ్చా అని. నా గుడ్డలు, నా కుళాయి చప్పుడు గుర్తొచ్చాయి. అమ్మే ఫోన్ లాక్కుని, అర్థమవుతుందో లేదో చూడకుండా తెలుగులో చెప్పేసింది. "పట్టమ్మా, పట్టు. ముర్రుపాలు పిల్ల సొత్తు. దానికి అడగడమేంటి?" నేను తలూపాను. నా ఏడుపు వేరు, పాప ఆకలి వేరు.

అసలు పేచీ స్నానం దగ్గర వచ్చింది. ఎకా వీడియోలో పాపను ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్ళు జల్లుతోంది. అమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"ఇదేంటే, అంట్లగిన్నె ముంచినట్టు ముంచుతోంది! పిల్లకి నీళ్ళు పోయడం ఇలాగా? దాని ఒళ్ళెలా తేరుకుంటుంది?"

మర్నాడు అమ్మ చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, మా బాత్‌రూమ్ గచ్చు మీద గోడకానుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. చంటిబిడ్డ లేదు కాబట్టి ఫ్రిజ్‌లోంచి ఆనపకాయ తెమ్మంది. ప్రసాద్ వీడియో కాల్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"బాబూ, ఫోను కిందికి పెట్టండి. నా మొహం కాదు, ఆనపకాయ కనపడాలి."

ఆ ఆనపకాయకు నూనె రాసింది. బోర్లా పడుకోబెట్టి వీపు రాసింది. వెల్లకిలా తిప్పి, కాళ్ళూ చేతులూ ఉన్నట్టే సాగదీసింది. చెంబుతో నీళ్ళు పోసి, కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. అటు తిబిలిసిలో ఎకా కూడా నేలమీద కూర్చుని కాళ్ళు చాపింది. పక్కన ఆమె కూతురు చెంబు బదులు కాఫీ కప్పు అందిస్తోంది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

"నెమ్మది, నెమ్మది," అంటుంది అమ్మ.

"నెమ్మది," అంటుంది ఎకా.

అక్కడి పిల్లల డాక్టర్ మాత్రం ముక్కులో, చెవుల్లో నూనె చుక్క కూడా వద్దన్నారు. "అలాగే పెరిగావు నువ్వు," అని అమ్మ గొణిగింది గానీ మాట విన్నది. ఆఖరి చెంబు పోసేటప్పుడు పాప గుక్కపెట్టింది. అమ్మ ఇక్కడ కూర్చుని, ఒళ్ళోని ఆనపకాయను జోకొడుతూ "అయిపోయింది, అయిపోయింది, బంగారూ, అయిపోయింది" అంది. ఆ పూట ప్రసాద్ నవ్వీ నవ్వీ ఏడ్చేశారు. ఆనపకాయను వండడానికి అమ్మ ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి రోజూ స్నానం వేళకు కాల్ వచ్చేది. ఆఖరి చెంబుకు అమ్మతో పాటు ఎకా కూడా "అయిపోయింది, బంగారూ" అనేది. నేనూ చూసేదాన్ని. చూసిన ప్రతిసారీ ఆ కాళ్ళ మీద పాప ఎంత కుదురుగా ఉంటే నాకు లోపల అంత గుబులు.

సైట్‌లో ప్రసాద్ కింద పనిచేసే రాజన్న అనే ఆయన, జగిత్యాల దగ్గరి మనిషి. ఒకరోజు భోజనాల వేళ ప్రసాద్ ఆయనతో మనసులో మాట చెప్పుకున్నారట.

"సార్, నేను మొదటిసారి ఇంటికి పోయేటాలకు నా బిడ్డకు రెండేండ్లు," అన్నాడట రాజన్న. "నన్ను సూసి తలుపెనుక దాక్కున్నది. దుబాయ్ మామ అని పిలిచింది. వారం తిరగకముందే నా మెడ ఇడిసిపెట్టలే. పిల్లలకు ఎత్తుకున్నోళ్లే అమ్మ, నాయిన. మీరు పోయి ఎత్తుకోన్రి, అంతే."

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నాకు ఆ పూట అన్నం సహించింది.

మామిడిపళ్ళ కాలం దాటాక, రాయబార కార్యాలయాల చుట్టూ ఎన్ని ఉత్తరాలు తిప్పామో, చివరికి అనుమతి వచ్చింది. తిబిలిసి హోటల్‌లో క్వారంటైన్ ముగిసిన పొద్దున్నే నేనూ ప్రసాద్ ఎకా ఇంటికి వెళ్ళాం. పాపను ఎత్తుకున్నాను. నా ముఖం చూసింది, పెదవి విరిచింది, ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఎకా వైపు చేతులు చాచింది. నేను ఇన్ని నెలలుగా భయపడ్డది అదే, అచ్చం అలాగే జరిగింది. తిరిగి ఇచ్చేయబోయాను.

ఎకా తీసుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. నా భుజం పట్టుకుని బాత్‌రూమ్‌లోకి నడిపించి, గోడ చూపించి, తెలుగులో అంది.

"కాళ్ళు చాపు."

నేను కూర్చుని కాళ్ళు చాపాను. పాపను తనే నా కాళ్ళ మీద పడుకోబెట్టి, నా చేతుల్లో నూనె పోసింది. నేను గబగబా రాయబోతే "నెమ్మది" అంది. నీళ్ళు తను పోస్తే నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టాను. పాప అరుస్తూనే ఉంది. ఆఖరి చెంబు దగ్గర ఎకా నా మోచేతిని పొడిచింది, నువ్వు అను అన్నట్టు.

"అయిపోయింది, అయిపోయింది, బంగారూ, అయిపోయింది," అన్నాను.

పాప ఏడుపు ఆపి నన్ను చూసింది. ఆ మాట దానికి తెలుసు. నా నోట కొత్తగా విన్నది గానీ, పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట తర్వాత పొడిగుడ్డ, పాలు, నిద్ర వస్తాయని దానికి తెలుసు. అమ్మ పెట్టెలోని పొత్తిగుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకున్నాను. నిద్రపోయింది. ఎకా గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది, నేను తుడుచుకోలేదు.

డీఎన్ఏ టెస్ట్, పాస్‌పోర్ట్, ముందు ఇండియా, ఆ తర్వాత దోహా, ఆ తిరుగుడు అంతా ఇంకో యాతన. అన్ని రోజులూ స్నానం మాత్రం నేనే చేయించాను. నా కాళ్ళ మీద అది ఎకా ఒళ్ళో ఉన్నంత కుదురుగా పడుకోవడానికి వారం కంటే ఎక్కువే పట్టింది. రాజన్న బిడ్డ కంటే మా పిల్లకు బెట్టు ఎక్కువ.

ఇప్పుడు దానికి రెండేళ్ళు దాటాయి. ప్రసాద్ వాళ్ళ స్టేడియం పూర్తయింది, మా రోడ్డు ఒక చోట నిలిచింది, బిల్డింగులన్నింటికీ ఏవేవో దేశాల జెండాలు కడుతున్నారు. ఎకా సొంత ఇంట్లో ఉంటోంది. శుక్రవారాలు వీడియో కాల్ చేస్తే మా పిల్ల కాళ్ళు చాపుకుని కూర్చుని, కూరగాయల బుట్టలో దొరికిందల్లా ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తుంది. మొన్న వంకాయకు పోసింది. నువ్వు ఎవరి కడుపులో పెరిగావో, ఎవరు నీ కోసం ఎదురుచూశారో, రెండూ దానికి చెప్తున్నాం. దాచే ఉద్దేశం లేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు డాక్టర్లను, లాయర్లను ఎలాగూ అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. సంతకం పెట్టేముందు ఇది కూడా అడగండి: ఏ కారణం చేతనైనా మేం సమయానికి రాలేకపోతే మా బిడ్డ ఎవరి ఒళ్ళో ఉంటుంది? పేరు చెప్పమనండి. ఆ మనిషిని చూడండి, మాట్లాడండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. మాకు ఈ ప్రశ్న తోచలేదు. మా అదృష్టం కొద్దీ, అడక్కుండానే ఒకామె కాళ్ళు చాపుకుని కూర్చుంది.