ఐసులో పాతిపెట్టిన మూలుగ

నా అతితెలివి వల్ల, ఒక్కసారితో పోవాల్సిన సూదిపోటును ఆరేళ్ల పిల్ల రెండుసార్లు భరించాల్సి వచ్చింది. ఆ ఘనకార్యం చెబుతాను. నవ్వొస్తే నన్ను చూసి నవ్వండి, ఆ పిల్లను చూసి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నందిగామలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. వీరులపాడు నుంచి ఒక మాస్టారు తన కూతురు మౌనికను తీసుకొచ్చారు. జ్వరం తగ్గదు, ఒళ్లంతా నీలిమచ్చలు. రక్తంలో క్యాన్సరని మా డాక్టరమ్మగారికి మైక్రోస్కోపులో కనబడింది కానీ ఏ రకమో తేలలేదు. అది తేలితేగాని సరైన మందు పడదు. అందుకని తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, హైదరాబాదులో ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు నాకిచ్చి పంపారు. కణాలను ఒక్కొక్కటిగా లేజరు వెలుగులో నడిపించి, అవి ఏ జాతివో చెప్పే యంత్రమది.

"మామూలుగానే తీసుకెళ్లు. ఎండ మాత్రం తగలనీకు," అన్నారావిడ.

మామూలుగా తీసుకెళ్తే ఇక నా గొప్పేముంది? జగ్గయ్యపేటలో బస్సు ఆగిన పది నిమిషాల్లో సోడాకొట్టుకు పరిగెత్తి ఒక డబ్బా నిండా ఐసు కొన్నాను. ఇంకా చల్లబడాలని, కుల్ఫీ బండివాడిలా ఉప్పు కూడా కలిపి, మూలుగ సీసాను అందులో పాతిపెట్టాను. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎంతో గర్వంగా హైదరాబాదు చేరాను.

అక్కడి ల్యాబులో పెద్దాయన మూత తీసి చూశారు.

"చేపలు తెచ్చారేంటండీ?"

"చెడిపోకుండా ఉంటుందని, సార్."

"ఈ పరీక్షకి కణాలు బతికుండాలయ్యా. ఇవన్నీ గడ్డకట్టి పగిలిపోయినయ్."

తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా ఏం చెప్పాలా అని ఆలోచించాను. చివరికి ఉన్నదే చెప్పాను. మాస్టారు కూతురి తల నిమురుతూ కూర్చున్నారు. ఆయన తిట్టినా బాగుండేది. మౌనికే అడిగింది.

"మళ్లీ పొడుస్తారా?"

"పొడవాలమ్మా. తప్పు నాదే."

"అయితే ముందు నీకు పొడవాలి."

డాక్టరమ్మగారు నవ్వలేదు. రక్తం తీసే సూది పట్టుకుని, "చెయ్యి చాపు," అన్నారు. పొద్దున లేస్తే ఊరందరికీ సూది గుచ్చే నేను, నావైపు వస్తున్న సూదిని చూసి తెగిన తాటిమట్టలా కింద పడ్డాను. కళ్లు తెరిచేసరికి మౌనిక పడీపడీ నవ్వుతోంది. తర్వాత బల్లమీద బోర్లా పడుకుని, నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, కదలకుండా పొడిపించుకుంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ కాసేపట్లో ఎంత చిన్నవాణ్ణయిపోయానో నాకే తెలుసు.

రెండో సీసాను గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. ప్లేట్‌లెట్లు తయారుచేయాల్సిన కణాలే దారితప్పి పెరుగుతున్నాయని తేలింది. పిల్లల్లో చాలా అరుదుగా వచ్చే రకమట. దానికి తగిన మందులు మొదలయ్యాయి. నెలల తరబడి పట్టింది కానీ పిల్ల దక్కింది.

జుట్టు మళ్లీ మొలిచాక ఒకరోజు ల్యాబుకొచ్చి, "ఇప్పుడన్నా అడిగి తీసుకెళ్తున్నావా?" అంది.

అక్కడికక్కడే చెయ్యెత్తి ప్రమాణం చేశాను.

"ఏ సీసా చేతికిచ్చినా ఎట్లా తీసుకెళ్లాలో రెండుసార్లు అడుగుతా. సొంత తెలివి జన్మలో వాడను. ఎవరన్నా నాకు సూది వేస్తానంటే మాత్రం ముందు కుర్చీ అడుగుతా."