గజాలా మీద ఒకపక్కగా

గజాలా అనే ఆ ఎర్రగుర్రం పుట్టినప్పుడు దాని ఒళ్లు తుడిచింది పెంచలయ్యే. కువైట్‌లోని సబ్హాన్ గోదాముల వెనక, అతన్ని పనికి పెట్టుకున్న యజమాని కఫీల్ కట్టించిన గుర్రపుశాలలో ఆరేళ్లుగా దానికి గడ్డి వేసేదీ, గిట్టలు కడిగేదీ అతనే. కానీ ఒక్కనాడు కూడా దాని మీద ఎక్కి తిరిగింది లేదు. దాని జీను ఆడవాళ్లది. కఫీల్ భార్య, పనివాళ్లు 'మామా' అని పిలిచే ఆవిడ, లండన్‌లో నేర్చుకొచ్చిన పద్ధతి అది. రెండు కాళ్లూ ఎడమవైపే వేసుకుని, కుడివైపు బెత్తంతో తట్టడం. గజాలాకు తెలిసింది అదొక్కటే. ఎవరైనా చెరోవైపు కాలు వేశారా, ఎత్తి కింద పడేస్తుంది.

"పక్కకు కూర్చునేదానికి నేనేమన్నా ఆడదాన్నా?" అనేవాడు పెంచలయ్య మీసం దువ్వుకుంటూ.

ఎండాకాలం సెలవులకని కఫీల్ కుటుంబం లండన్ వెళ్లింది. ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. ఇంట్లో మిగిలింది పెంచలయ్య, వంట చేసే రాయచోటి సంజీవమ్మ, గజాలా. రోజూ తిప్పకపోతే గుర్రానికి కడుపు పట్టేస్తుంది. పగ్గం పట్టి నడిపిద్దామంటే ఎక్కడ తుపాకి పేలినా బెదిరిపోతోంది. వీపు మీద మనిషి ఉంటేనే నిమ్మళం.

"నేను కూర్చుంటాన్నా. మా ఆయన సైకిల్ మీద ఎన్నేండ్లు పక్కకు కూర్చోలేదూ?" అంది సంజీవమ్మ. పొడుగు గౌను సర్దుకుని ఎక్కింది. గజాలా చెవులు ముందుకు పెట్టి పెళ్లికూతురిలా నడిచింది.

"అబ్బా! ఉయ్యాల్లో ఉన్నట్టుందిన్నా!"

పెంచలయ్యకు కడుపు రగిలిపోయింది. ఆరేళ్లు పేడ ఎత్తింది తాను. వంటింట్లోంచి వచ్చిన మనిషి గొంతు వింటే చాలు, ఇప్పుడది సకిలిస్తోంది. అతను ఖర్జూరం పెట్టినా నమిలేసి మెడ అటే తిప్పుతోంది. "ఏమే, నాకంటే ఆమె ఎక్కువైపోయెనా?" అని దాని చెవిలో అడిగాడు. సంజీవమ్మ దాన్ని దువ్వకుండా బ్రష్షు కూడా దాచేశాడు.

పదోరోజు పొద్దున ముగ్గురు సైనికులు గేటు తోసుకొచ్చారు. కారును అంతకుముందే పట్టుకుపోయారు. ఇప్పుడు గుర్రం కావాలట. ఎక్కి తిప్పి చూపించమన్నాడు పెద్దవాడు.

పెంచలయ్య సంజీవమ్మ వైపు చూశాడు. ఆమె ఎక్కితే గజాలా ఎంత ముచ్చటగా నడుస్తుందో అతనికి తెలుసు. అలా నడిస్తే ఇక వీళ్లు వదలరు.

"నువ్వు లోపలికి పో. దీని ఎదర పడొద్దు," అన్నాడు తెలుగులో.

జీను లేకుండానే చెరోవైపు కాలు వేసి ఎక్కాడు. గజాలా విసిరి గోడకు కొట్టింది. లేచి మళ్లీ ఎక్కాడు. ఈసారి ముఖం ఇసుకలో పడింది. మూడోసారికి సైనికులు పొట్టలు పట్టుకుని నవ్వారు. "మజ్నూనా!" పిచ్చిదని తిట్టి, బార్లీ మూట ఎత్తుకుని వెళ్లిపోయారు.

సంజీవమ్మ నీళ్లు తెచ్చింది. "ఎముకలు ఉండాయాన్నా?"

"ఉండాయిలే. దాన్ని తిప్పు పో."

"నేను తిప్పను. నువ్వెక్కు, నా మాదిరి."

"నగుతారు."

"ఎవురుండారు నగేదానికి? నేనా, ఎట్లాగూ నగతానే ఉండా."

జీను వేసి ఎక్కించింది. రెండు కాళ్లూ ఎడమవైపు. గజాలా మెల్లగా కదిలింది. నొప్పులన్నీ ఎటు పోయాయో! నడుము దానంతటదే ఊగుతోంది. తొడ కింద గుర్రం ఊపిరి వెచ్చగా తెలుస్తోంది. బెత్తం తాకించీ తాకించకముందే అటు తిరిగింది. ఆరేళ్లలో ఇంత దగ్గరగా దాన్ని ఎరగడు. అతని కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే మండిపోయాయి కూడా.

"ఏమ్మే సంజీవమ్మా! ఇన్ని దినాలూ ఇంత సుఖం నువ్వొక్కదానివే పడితివా!"

"సరేలే, దిగున్నా. ఇప్పుడు నా వంతు."

"నీకు వంతు లేదు, ఖలాస్," అంటూ బెత్తంతో గజాలాను మళ్లీ తట్టాడు.