ఎత్తు పెంచే పొడి

ఇబ్రహీంపట్నంలో మా తల్లిగారింటికి సున్నాలు వేస్తుంటే సాయానికి పోయాను. ఆ ఇంట్లో ఇప్పుడు అన్న ఉంటున్నాడు. వంటింటి సజ్జ మీది గిన్నెలు దించితే, వాటికింద అమ్మ పరిచిన పాత వారపత్రిక కాగితాలు బయటపడ్డాయి. పని పక్కనపెట్టి అక్కడే చతికిలబడ్డాను. చదివింది కథలు కాదు, ప్రకటనలు.

ఆ రోజుల్లో లోకంలోని కష్టాలన్నింటికీ సీసాలో మందుండేది. బట్టతలాయన నూనె రాసుకుని పక్క బొమ్మలోకి జరిగితే చాలు, తలనిండా జుట్టే. మీసం అదనం. చీర నలగకుండా బట్టలుతికే ఇల్లాలు సబ్బును చూసి నవ్విన నవ్వు, మా వాడలో ఏ ఆడదీ మొగుణ్ని చూసి నవ్వగా నేను చూడలేదు.

నవ్వుతూ నవ్వుతూ ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. ఎడమవైపు పొట్టివాడు, ఏడుపు ముఖం. కుడివైపు వాడే, కోటు తొడుక్కుని తాటిచెట్టంత. మధ్యలో పొడి డబ్బా.

ఆ పొడి మా ఇంటికి పోస్టులో వచ్చింది. పోలీసు కావాలని అన్నకు ప్రాణం. పరుగులో శేరిగూడ దాకా అతణ్ని అందుకునేవాడు లేడు గాని, ఎత్తే వేలెడు తక్కువ. రోజూ ఆ పొడి పాలలో కలుపుకుని ముక్కు మూసుకుని తాగేవాడు. ఆదివారం ఆదివారం బాపు అతణ్ని గోడకు నిలబెట్టి, తలమీద పీట ఆనించి, అంతకుముందు గీసిన బొగ్గు గీతతో పోల్చేవాడు. చాలా వారాలు గీత గీతే, అన్న అన్నే. తర్వాత ఉన్నట్టుండి అన్న గీతను దాటాడు. బాపు వాడంతా చెప్పుకొచ్చాడు. అన్న సెలక్షన్‌కు పోతే, కొలతకర్ర కింద నిలబెట్టి అక్కడినుంచే వెనక్కి పంపారు.

చాలా ఏళ్లకు అమ్మ నాకొక్కదానికే చెప్పింది. కొడుకు దిగులు చూడలేక, పాత గీత తుడిచి కాస్త కిందికి గీసిందట.

"నా చేతులతోనే వాన్ని నలుగుర్ల నవ్వులపాలు జేసిన బిడ్డా. వానికి చెప్పకు" అని ఒట్టేయించుకుంది. పోయేదాకా ఆ బాధతోనే ఉంది.

అన్న ఇప్పుడు ఆదిభట్లలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. డ్యూటీ దిగి రాగానే కాగితం చూపించాను. పడిపడి నవ్వాడు.

"గీ పొట్టోని మొఖం జూడు, అచ్చం నా లెక్కనే ఉన్నడు!"

"ఆ పొడిని నమ్మి మస్తు మోసపోయినవ్ అన్నా."

"పొడిని ఎవడు నమ్మిండే? గోడ మీద మేకుండె గద. గీత దానికి మీద ఉండేది. ఒకనాడు పొద్దున లేచి చూస్తే గీత మేకుకు కిందికి దిగింది. అమ్మ పనే అని గప్పుడే ఎర్కయింది."

"మరి సెలక్షన్‌కు ఎందుకు పోయినవ్?"

అన్న కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మ గంత ఖుషీగ సద్ది కట్టిచ్చింది. పోకుంటె ఎట్ల?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఒట్టు నేను తప్పి ఉండాల్సింది, అమ్మ బతికుండగానే.