దస్తగిరన్న కూత

వీధిలో పిల్లలు చెడుగుడు ఆడుతున్నారు. గుక్క తిప్పుకోకుండా సాగే ఆ కూత కిటికీలోంచి చెవిన పడితే చాలు, ఈ వయసులోనూ నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. కాసేపటికి తగవు మొదలవుతుంది. కూత తెగిందని ఒకడు, తెగలేదని ఇంకొకడు. దస్తగిరన్న ఆడిన చోట ఈ తగవు ఉండేది కాదు.

ఆయనది కమలాపురం దగ్గర పల్లె. తెల్లదొరల కాలంలో చెడుగుడు ఆడి పొట్టపోసుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. తిరునాళ్ళలో ఊళ్ళు పందెం కట్టుకుంటే, ఏ ఊరు పిలిచి తిండి పెడితే ఆ ఊరి తరఫున దిగేవాడు. "కూలి ఆటగాడు" అని వెక్కిరించినవాళ్ళే మళ్ళీ పందెం రాగానే ఆయన గుమ్మం ముందు నిలబడేవారు. మిగతా రోజుల్లో నాపరాళ్ళ గనిలో పని. ఆ దుమ్ము రొమ్ములో చేరి, నేను మా ఊరి జట్టులో చేరేనాటికే ఆయన కూత పొట్టిదైపోయింది.

ఆ ఏడు మా ఊరి శివారెడ్డి ఒక మాటిచ్చాడు. పందెం గెలిపిస్తే దస్తగిరన్నను జట్టులోనే ఉంచుకొని, ఏటేటా ఇంటికి గింజలు కొలుస్తానన్నాడు. అంటే ఇక గని మొహం చూడక్కర్లేదు. రొమ్ము తెరిపిన పడుతుంది.

ఆ పందెంలో చివరి కూతకు ఆయనే వెళ్ళాడు. ముగ్గురిని తాకి, కాళ్ళు పట్టుకున్నవాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టాడు. మావాళ్ళు తలపాగాలు ఎగరేశారు. దస్తగిరన్న లేచి, దుమ్ము దులుపుకొని చేయెత్తాడు.

"కూత తెగిందప్పా. నడమ ఊపిరి తీసుకున్యా. నేను సచ్చినట్టే."

"యాడ తెగింది? ఎవురికీ ఇనపల్యా!" శివారెడ్డి అరిచాడు.

"నాకు తెలుసు గదా రెడ్డీ."

ఓడిపోయాం. ఇంటి దాకా వచ్చిన లక్ష్మిని కాలదన్నినవాడని పేరు పడింది. ఆ తర్వాత ఏ ఊరూ ఆయన్ని పిలవలేదు. మర్నాడు గని దగ్గరికి వెళ్ళి నేనూ నోటికొచ్చినట్లు అన్నాను. ఆయన సుత్తి పక్కన పెట్టలేదు.

"ఓబులేసూ, ఊపిరి తక్కువైంది, నిజమే. తక్కువ ఊపిరితోనే ఎట్లాడల్లో నేర్చుకుంటాండా. పోయేటప్పుడే తిరిగొచ్చేదానికి మిగుల్చుకోవల్ల. అంతే."

అన్నంత పనీ చేశాడు. గని పని అయ్యాక బీడు పొలంలో ఒంటరిగా గీత గీసుకొని చిన్న చిన్న కూతలు సాధన చేశాడు. పిలుపు కోసం చూడకుండా తానే తిరునాళ్ళకు నడిచి వెళ్ళి, "నన్ను ఆడించుకోండప్పా" అని అడిగాడు. చివరికి డోన్ రైల్వే స్టేషన్ కూలీల జట్టు చేర్చుకుంది. ఒక్కణ్ణి తాకడం, వెనక్కి రావడం. జుట్టు నెరిసేదాకా అలాగే ఆడాడు. గని మాత్రం తప్పలేదు. ఆ రొమ్ము జబ్బుతోనే పోయాడు. ఆనాడు నోరు మూసుకొని ఉంటే ఇంకొన్నేళ్ళు బతికేవాడేమోనని నాకు ఈనాటికీ కోపమే.

నేను ఆట వదిలి నాటకాల్లో పద్యాలు పాడుకుంటూ బతికాను. మొన్న ఊళ్ళో బతిమాలి వేషం కట్టించారు. రాగం మధ్యలో ఊపిరి అందలేదు. హార్మోనియం ఆయన కళ్ళతోనే సైగ చేసి మోత పెంచాడు. ఆ హోరులో దొంగ ఊపిరి తీసుకుంటే ఎవరికీ తెలియదు. నేను చేయెత్తాను. వాయిద్యం ఆగింది. వెనక వరుసలో ఎవడో ఈల వేశాడు. గుండె నిండా గాలి పీల్చుకొని, పద్యం మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.