తమ్ముడు ఏరిపెట్టిన ఆ ఏడాది పాటలు

దయ్యాలు, గాలి సోకడం, తాయెత్తులు, వీటికీ నాకూ పడదు. హిందూపురంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మావాళ్ళు పెనుకొండ దర్గాకు పోదామంటారు. నేను ముందు సూది తీస్తాను. ఇప్పుడు రాసేది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. ఇంకొకరు చెప్పివుంటే నేనూ నవ్వేదాన్నే.

మస్తాన్ నా తమ్ముడు. మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేస్తాడు. తమ్ముడు మగ్గం జోలికి పోలేదు. హిందూపురంలో నవీన్ అనే స్నేహితునితో కలిసి పెండ్లిళ్ళకు డీజే పెట్టేవాడు. అది కూటికోసం. వాడి ప్రాణమంతా టెక్నో మీదే. అందులో పల్లవీ చరణమూ ఉండవు. కంప్యూటర్లో పుట్టిన దరువు అట్లా సాగుతూనే ఉంటుంది. మా నాయనకు ఆ చప్పుడు వింటే తలనొప్పి. చుట్టాలు సైతాను పాటలనేవాళ్ళు. వాళ్ళిండ్లలో పెండ్లయితే మాత్రం డీజే ఊరికే పెట్టమని వాడినే పిలిచేవాళ్ళు.

ఏడాది చివర్లో వాడు ఇష్టంగా చేసుకునే పని ఒకటుండేది. ఆ సంవత్సరం ప్రపంచంలో ఎక్కడెక్కడో వచ్చిన టెక్నో పాటలు వందలకొద్దీ విని, గట్టివి కొన్ని ఏరి, అతుకు తెలియకుండా ఒకదాన్లోకి ఒకటి కలిపి ఒకే మిక్సుగా ఇంటర్నెట్లో పెట్టేవాడు. నడుమనడుమ పాట పేరు, చేసినవాళ్ళ పేరు మన తెలుగులోనే చెప్పేవాడు. వినేవాళ్ళు కొంతమందే. వాడికది చాలు.

ఆగస్టులో, పెనుకొండ దగ్గర హైవే మీద, మిట్టమధ్యాహ్నం లారీ గుద్దింది. పెండ్లికి స్పీకర్లు చూసుకోవడానికి బండి మీద పోతున్నాడు. ఆసుపత్రిలో వాడి గడియారం, తాళాలు, జేబులో ఉన్న పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చారు.

నలభయ్యో దినం ఫాతిహాకు ధర్మవరం పోయినప్పుడు, చుట్టాలింకా రాకముందే, ఆ పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. ఫోటోలేమైనా ఉంటాయేమోనని. అందులో ఒకే ఒక ఆడియో ఉంది. వాడి గొంతు. ఆ ఏడాది పాటల మిక్సు. ఇంకా సెప్టెంబరే కదా, ముందుగానే చేసిపెట్టుకున్నాడేమో అనుకున్నా.

మా నాయన పక్క గదిలోంచి వచ్చి నేలమీద కూర్చున్నాడు. చప్పుడు తగ్గించమంటాడనుకున్నా. అనలేదు.

ఆ పాటలు నాకు అన్నీ ఒకటిగానే వినిపిస్తాయి. ఒక్కటి మాత్రం మనసులో నిలిచిపోయింది. దరువు పోతూపోతూ టక్కున ఆగిపోతుంది. ఎవరో ముసలామె కష్టంగా ఊపిరి పీలుస్తుంది. ఏదో చెప్పబోతుంది. చెప్పదు. మళ్ళీ దరువు. దానికి ముందు మస్తాన్ అంటాడు, "ఈడ కొంచెం కాసుకోండప్పా. ఈ ఏడాదికంతా ఇదే పాట. దీన్ని మించింది రాలే."

నాయన దాన్ని ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.

డిసెంబరులో నవీన్ హిందూపురంలో మా ఇంటికొచ్చాడు. మస్తాన్ ఏమైనా పాటలు వదిలిపోయాడా అని అడిగాడు. వాడి గుర్తుగా ఒక మిక్సు పెడదామన్నాడు. నాకు సంతోషమైంది. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. అక్కడే కూర్చుని లాప్‌టాప్‌లో వినడం మొదలుపెట్టాడు. టీ తెచ్చేసరికి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"అక్కా, ఇది యాడిది?" అన్నాడు.

వాడి జేబులోదేనని చెప్పా. నవీన్ ఆ ఊపిరి పాట మళ్ళీ వినిపించి, ఇది బయటికొచ్చి నెల కూడా కాలేదన్నాడు. అందులో ఉన్న మరికొన్ని కూడా మస్తాన్ పోయినంక వచ్చినవేనన్నాడు. అయినా ఫైలు మీద తేదీ ఆగస్టుదే ఉంది.

నా బుద్ధి ఊరుకోలేదు. చేసినవాళ్ళు ముందే ఎవరికైనా పంపివుంటారు, వీడికీ దొరికుంటుంది అన్నాను. నవీన్ కూడా అదే అనుకుని, ఆ పాట చేసిన విదేశీయురాలికి నా ముందే మెసేజి పెట్టాడు. రెండో రోజు జవాబొచ్చింది. ఆ ఊపిరి వాళ్ళమ్మదట. తల్లి చనిపోయే ముందు ఆసుపత్రిలో రికార్డు చేసుకుందట. అది అక్టోబరులో.

ఆ ఊపిరిని నేను సెప్టెంబరులో విన్నాను. నా తమ్ముడు ఆగస్టులో పోయాడు.

సరిగ్గా చూస్తానని నవీన్ పెన్‌డ్రైవ్ తీసుకుపోయాడు. కాపీ తీసిపెట్టుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు. సంక్రాంతి దాటినాక మిక్సు బయటికొచ్చింది. అవే పాటలు, అదే వరస. మస్తాన్ గొంతు మాత్రం తీసేశాడు. పేరు నవీన్‌ది.

తమ్ముడి మిక్సులు విన్నవాళ్ళు కొంతమందేనని చెప్పా కదా, దీన్ని వేలమంది విన్నారు. బెంగళూరులో పెద్ద క్లబ్బులు నవీన్‌ని పిలిచాయి. ఇంత మంచి చెవి యాడినుంచి వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. ఫోను చేస్తే, పెన్‌డ్రైవ్ పాడైపోయింది, పారేశా అన్నాడు.

నాతోపాటు విన్నది మా నాయనొక్కడే. ధర్మవరం పోయి, ఆ రోజు ఏం విన్నావో నలుగురిలో చెప్పు నాయనా అని అడిగాను. ఆయన నేస్తున్న పోగు చూసుకుంటూనే అన్నాడు, "ఆ పాటలు నాకు తెలీవమ్మా. వాని గొంతు ఇన్న్యా. వాడు పోయినంక ఇన్న్యా. నాకంతే." ఎంత బతిమాలినా మగ్గం మీదనుంచి లేవలేదు. కొడుకు బతికుండగా ఒక్క పాట వినని మనిషి, ఇప్పుడు వాడి తరఫున ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆయన మీద ఆ కోపం నాకింకా పోలేదు.

ఈమధ్య ఒక కాలేజీ ఫంక్షనుకు నవీన్ హిందూపురం వచ్చాడు. పొద్దున స్టేజి కడుతున్నప్పుడే పోయి కలిశాను. గొడవ పెట్టుకోలేదు. మిక్సు కింద ఒక్క చోట మస్తాన్ పేరు వెయ్యి, అంతే చాలన్నాను. నవీన్ నన్ను పక్కకు పిలిచాడు. కుర్చీ వేశాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"అక్కా, సచ్చిపోయినోడు, ఆ తర్వాత పుట్టిన పాటను ఎట్లా ఏరతాడు? నువ్వే చెప్పు. జనం నమ్మేట్టుగా నువ్వు చెప్తే, నేనీపొద్దే వాని పేరు పెడతా."

లేచి వచ్చేశాను.

అది తను చేసింది కాదని వాడికి తెలుసు. నాకు తెలుసు. అయినా వాడడిగినదాంట్లో తప్పు పట్టలేకపోయాను. పేరు దోచుకున్నాడని చెప్పాలంటే, ముందు జరగరానిది జరిగిందని చెప్పాలి. అది ఎట్లా జరిగిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు తెలియడం లేదు. తెలిసే రోజంటూ వస్తే చూద్దాం. అప్పటిదాకా ఆ ఏడాది పాటలు ఏరింది నవీనే.