మూడంగుళాలు లేపిన కారు

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు కారంపూడి నుంచి బయలుదేరాం, నేనూ మా ఆవిడ పద్మా. సీట్లే రెండు కాబట్టి ఇంకెవరినీ ఎక్కించుకునే బెడద లేదు. హైదరాబాదులో కారు అమ్మేసి, ఆ డబ్బుతో సోమవారం శావల్యాపురంలో ఎకరం పొలం తిరిగి రాయించుకోవాలి. మేం బయలుదేరింది ఇందుకే. పాతదైనా సరే, విదేశీ స్పోర్ట్స్ కారు కొని పల్నాడు రోడ్ల మీద తిరగాలని మోజు పడేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాకు కారంపూడిలో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. రెండేళ్ళ క్రితం మిర్చి బాగా పండి రైతుల దగ్గర అరువులన్నీ వసూలయ్యాయి. అప్పుడే హైదరాబాదులో ఎనిమిదేళ్ళ నాటి జర్మనీ కారు కళ్ళబడింది. కొత్తదైతే కోటి పైమాటే, నాకు ముప్ఫై ఎనిమిది లక్షలకే ఇస్తామన్నారు. కోటి రూపాయల సరుకు ముప్ఫై ఎనిమిదికి వస్తుంటే వదులుకునేవాడు వ్యాపారస్తుడే కాదనుకున్నాను. ఎనిమిదేళ్ళలో అరవై లక్షలు ఆవిరైన సరుకు నా చేతికొచ్చాక మాత్రం ఎందుకు ఆగుతుందని ఆలోచించలేదు. నా దగ్గర పదహారు లక్షలుంది. మిగతా దానికి, పద్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మించాను.

ఆ పొలం గట్టున మా అత్తగారి సమాధి ఉంది. ఏటా ఆమె పోయిన రోజున పద్మ వెళ్ళి, అక్కడే మూడు రాళ్ళు పెట్టి వండి, ఆకులో వడ్డించి వస్తుంది. రెండేళ్ళలో మళ్ళీ కొనిస్తానని మాటిచ్చాను. కొన్నాయన పద్మకు బాబాయి వరస, మాట మీద నిలబడే మనిషి. ఆయనే పోయిన వారం ఫోన్ చేశాడు. వేరేవాళ్ళు అడుగుతున్నారట, సోమవారం దాకా ఆగుతాడట. ఇరవై నాలుగు లక్షలు తెస్తే మా పేరునే రాసిస్తానన్నాడు. హైదరాబాదు డీలరేమో ఫోటోలు చూసి ఇరవై ఆరు దాకా రావచ్చన్నాడు.

ఐదుంపావుకు గురజాలలో పెట్రోలు కొట్టించాను. ఐదు వేల ఎనిమిది వందలయింది. బంకులో పైపు పట్టుకున్న మనిషి కారు చుట్టూ ఒకసారి చూసి అందరూ అడిగేదే అడిగాడు.

"ఎంత ఇస్తది అన్నా?"

"లీటరుకు ఏడు."

"మా బావ లారీ నాలుగిస్తది. అదైతే ఇరవై టన్నులు మోస్తది," అన్నాడు.

నిజానికి పెట్రోలే తక్కువ ఖర్చు. నాలుగు టైర్లకు లక్షా ఎనభై వేలు. ఇన్సూరెన్సు రెండేళ్ళకు లక్షా అరవై. చెడిపోతే కారు దానంతట అది పోదు, లారీ మీద పెట్టి హైదరాబాదు పంపాలి. ఇక ఎలుకలు. గోడౌనులో పెట్టిన కారు వైర్లు కొరికేస్తే రెండు లక్షల పది వేలయింది. ఎలుకల మందు అమ్మేవాడి కారు ఎలుకలు కొరికాయని కారంపూడి బజారంతా ఆర్నెల్లు నవ్వుకుంది. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, ఈ రొట్టె ఎంత పిండైనా మింగుతుంది.

గురజాల దాటితే దాచేపల్లి దాకా ప్రతి ఊళ్ళోనూ ఊరికి ముందొకటి, ఊరు దాటాక ఒకటి స్పీడ్ బ్రేకరు ఉంటుంది. మేం ఒక్కదానికీ ఆగకుండా, కింద ఎక్కడా తగలకుండా దాటుకుంటూ పోయాం. ఆ మాట ఎందుకు చెబుతున్నానంటే, మొదట్లో ఇలా ఉండేది కాదు. కొన్న నెలకు పద్మను ఎక్కించుకుని వాళ్ళ ఊరు శావల్యాపురం వెళితే, ఊరి మొదట్లోనే కారు పొట్ట స్పీడ్ బ్రేకరు మీద కూర్చుంది. చక్రాలు తిరిగినా బండి కదలదు, తలుపు సరిగా తెరుచుకోదు. ఎనిమిది మంది ఎత్తి పక్కన పెట్టారు. "అల్లుడుగారు పల్లకీలో వచ్చాడురోయ్," అన్నాడొకడు. పద్మ తల వంచుకుని నడిచి ఇంటికి పోయింది.

ఆ వారమే కారును నరసరావుపేటలో లారీలు చేసే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఇనుప దిమ్మెలు కోయించి, చక్రాల దగ్గర పెట్టి, వెల్డింగు చేసి, కారును మూడంగుళాలు పైకి లేపాడు. పదకొండు వేలు తీసుకున్నాడు. జర్మనీ ఇంజనీర్లకు తట్టనిది మా మేస్త్రీకి తట్టిందని నేను చెప్పని మనిషి లేడు.

ఆరున్నరకు కృష్ణ దాటి వాడపల్లిలో టీ తాగాం. ముప్ఫై రూపాయలు. పాల క్యాన్లతో బస్సు కోసం నిలబడ్డ ముసలాయన మిర్యాలగూడ దాకా ఎక్కించుకోమన్నాడు. సీట్లు లేవని చూపించాను.

"గింత బండిల ఇద్దరే కూసుంటరా?" అని లోపలికి తొంగిచూసి, "మరి పిల్లల్నేడ పెడ్తరు?" అన్నాడు. మా అబ్బాయి ఇంటరు హాస్టల్లో ఉన్నాడు, వాడిని ఈ కారులో తీసుకొచ్చేటప్పుడు పద్మ ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండిపోయేది.

మిర్యాలగూడలో ఏడున్నరకు ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ నూట పది. చట్నీ బాగుంది, ఆ దారిన వెళ్ళేవాళ్ళు బస్టాండు ఎదురుగా ఆగవచ్చు.

"ఇరవై ఆరు ఇస్తాడంటావా?" అంది పద్మ చెయ్యి కడుక్కుంటూ.

"ఇరవై ఏడు అడుగుదాం. లేపించిందానికి ఓ లక్షన్నా ఎక్కువ ఇయ్యొద్దా?"

"నాకు ఇరవై నాలుగు చాలయ్యా. మిగతాది నువ్వే ఉంచుకో," అంది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

పదింటికి ఎల్బీనగర్ దాటి డీలరు యార్డుకు చేరాం. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మర్యాదస్థుడు. మంచినీళ్ళిచ్చి, పద్మకు కుర్చీ వేయించాడు. కారును నిలువెత్తు పైకి లేపి కిందంతా చూడమని మెకానిక్‌కు చెప్పాడు.

అప్పుడు నోరు మూసుకుని ఉన్నా సరిపోయేదేమో. నేను వాళ్ళతో పాటు కిందికి వెళ్ళి, దిమ్మెలు వేలు పెట్టి చూపించి, "ఇది చూశారా, కంపెనీవాళ్ళు కూడా చెయ్యలేరు. మూడంగుళాలు. ఏ ఊరికైనా పోవచ్చు," అన్నాను.

మెకానిక్ టార్చి వేసి చూశాడు. ఇంకో మెకానిక్‌ను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఫోన్లో ఫోటోలు తీశారు. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

డీలరు మాత్రం నవ్వలేదు. "అంకుల్, ఇది నేలకు తగులుతున్నట్టు ఉండాలనే చేస్తారు. స్పీడులో రోడ్డు పట్టుకునేది అందుకే. దిమ్మెలు పెట్టేసరికి జాయింట్లన్నీ వంకరగా తిరిగి అరిగిపోయాయి. సెన్సారు వైర్లు కోసేశారు. అసలు బాడీకి వెల్డింగు పడింది. దీన్ని మళ్ళీ మామూలుగా చెయ్యడం కుదరదు, పార్టులు పార్టులుగా అమ్ముకోవాల్సిందే."

"ఎంత ఇస్తావు?"

"పదమూడు."

తప్పు మేస్త్రీది అన్నాను, ముందే ఎందుకు అడగలేదన్నాను, ఏదేదో అన్నాను.

"అంకుల్, కిందంతా గీరుకుపోయిన బండి తెచ్చినా ఇరవై ఐదు ఇచ్చేవాణ్ణి. గీరుకుపోతే పార్టు మారుస్తాం," అన్నాడు.

ఇంకో ఇద్దరు డీలర్లకు ఫోన్ చేశాను. ఒకరు పన్నెండన్నారు, ఒకరు వద్దన్నారు. గంటన్నర ఆ యార్డులో ఎండలో తిరిగాను. కారు వెనక్కి తీసుకుపోదామని పద్మతో అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు.

"తీసకపోయి? మళ్ళీ దాన్ని మేపాలి. ఇచ్చెయ్యి," అంది. లేచి, కారులో అతికించి ఉన్న చిన్న వినాయకుడి బొమ్మను గోటితో గీకి ఊడదీసి కొంగులో పెట్టుకుంది. నేను సంతకాలు పెట్టాను. డబ్బు ఖాతాలో పడిందని ఫోన్ మోగింది.

పన్నెండూ నలభైకి ఎల్బీనగర్‌లో పిడుగురాళ్ళ బస్సు దొరికింది. మనిషికి నాలుగొందల చిల్లర. భోజనం చెయ్యలేదు, ఇద్దరికీ ఆకలి లేదు. అవతలి వరస సీట్లో దాచేపల్లి దిగాల్సిన పత్తిరైతు పద్మ చేతిలో బొమ్మ చూశాడు.

"బండి అమ్మేశారామ్మా?"

"అవునన్నా."

"మంచి పని చేశారు. బండికన్నా బస్సు సుఖం, దిగంగానే దాని సంగతి మర్చిపోవచ్చు," అన్నాడు. మంచి మనిషి, ఊరడించాలనే అన్నాడు.

మిర్యాలగూడ దాటాక పద్మ ఫోన్ తీసింది. నన్ను చెయ్యమనలేదు.

"బాబాయ్, నేను పద్మని. మాకు కుదరలా. నువ్వు వాళ్ళకే రాసెయ్యి." కాసేపు విని, "అమ్మ సంగతి అడిగావా వాళ్ళని?" అంది. మళ్ళీ చానాసేపు వింది. "సరేలే బాబాయ్. నువ్వు మాత్రం ఏం చేస్తావు," అని పెట్టేసింది.

ఏమన్నాడని అడిగాను.

"కొనేది ఇటుకబట్టీ వాళ్ళంట. గట్టుతో సహా రెండాళ్ళ లోతు తవ్వుకుంటారంట."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాణ్ణి. కృష్ణ మళ్ళీ దాటాం, దాచేపల్లిలో రైతు దిగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఐదుంపావుకు పిడుగురాళ్ళలో దిగాం. కారంపూడి బస్సు ఆగే చోటికి నేను నడుస్తుంటే, పద్మ నరసరావుపేట బస్సు వైపు తిరిగింది.

"నేను శావల్యాపురం పోయొస్తా. రేపింకా పొలం బాబాయిదే గదా. అమ్మకింత వండిపెట్టి వస్తా."

"రేపు కాదు కదా ఆమె పోయిన రోజు."

"ఆ రోజుకి ఆడ ఏముంటది?"

నేనూ వస్తానన్నాను. బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"వద్దులే. నువ్వొస్తే బాబాయి నిన్ను ఒక మాట అంటాడు. నేను నిన్ను వెనకేసుకు రావాల్సొస్తది. రేపు నాకంత ఓపిక లేదయ్యా."

కిటికీ పక్క సీటు దొరికింది ఆమెకు. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించడం కనబడింది. ఆడవాళ్ళకు ఆ బస్సులో టిక్కెట్టుకు డబ్బులు అక్కర్లేదు.

కారంపూడి బస్సు ఆరింటికి కదిలింది. దారిలో లెక్క వేశాను. కారు మీద పోయింది ఇరవై ఐదు లక్షలు, పెట్టిన ఖర్చులు ఎనిమిదిన్నర. రెండేళ్ళలో పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాను, కిలోమీటరుకు మూడు వందల పైన పడింది. ఈ లెక్క చెప్పి నాలాంటివాళ్ళను ఆపుదామనే ఇది రాయడం మొదలుపెట్టాను. ఎవరూ ఆగరు. నాకు చెప్పినా నేను ఆగేవాణ్ణి కాను, అది నా భార్య పొలం కాబట్టి అసలే ఆగేవాణ్ణి కాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను చేసిన ప్రతి తెలివితక్కువ పనికీ, ఊరందరి ముందూ ఆమె నన్ను వెనకేసుకొస్తూనే ఉంది. అది కూడా ఒకనాటికి అయిపోతుందని నాకు ఆ బస్సులో తెలిసింది.