అవ్వ చెప్పిన నా చిన్నతనం

మా బిడ్డ ఆరో తరగతి చదువుతోంది. "మీ నాన్న చిన్నప్పుడు రోజూ ఏమేం చేసేవారో 'యూజ్డ్ టు'తో ఐదు వాక్యాలు రాయండి" అని కొత్త ఇంగ్లిష్ టీచర్ హోంవర్క్ ఇచ్చారట. ఈ పొద్దున చాయ్ తాగుతూ దర్జాగా మొదలుపెట్టాను. నాలుగింటికే లేచి చదువుకునేవాణ్ని, బడి ఒక్కనాడూ ఎగ్గొట్టేవాణ్ని కాదు అని చెప్పాను.

పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న మా అవ్వ, నన్ను కన్నతల్లి, చెయ్యి ఆపింది.

"గట్లనా? సంచి జొన్నచేన్ల దాసిపెట్టి వాగుల ఈతకు పోతుంటివి గదరా! నెత్తి తడిసిందేందిరా అంటే చెమట వట్టిందంటుంటివి!"

"జర మెల్లగనే అవ్వా! పిల్ల రాసుకుంటుంది."

"రాసుకోనియ్యి. నిజమే గదా!"

బిడ్డ నా వాక్యాలు కొట్టేసి, అవ్వ చెప్పుకుంటూ పోయినవే ఐదూ రాసుకుని బడికి పోయింది.

సాయంత్రం నోట్‌బుక్ తిరిగొచ్చింది. ఐదుకు ఐదు మార్కులు. కింద ఎర్ర సిరాతో టీచర్ తెలుగులో రాశారు: "మీ నాయనమ్మ చెప్పిందంతా నిజం. మా బోథ్ ఊరి బడిలో సారు అడిగినప్పుడల్లా, మీ నాన్నకు జ్వరమని చెప్పేదాన్ని నేనే."

అవ్వ ఇంకా నవ్వుతూనే ఉంది. మీలో నాలుగింటికే లేచి చదువుకున్నవాళ్లెవరైనా ఉంటే కామెంట్ పెట్టండి. కానీ మీరు కాదు, మీ అవ్వలతో పెట్టించండి.